చాంద్ బేగం కూర్చున్న సీటు

పత్తికొండలో టమోటా మార్కెట్టు దాటి ఆదోని రోడ్డు మీద కొంచెం ముందుకు పోతే ఎడమ పక్కన ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. దానికి బోర్డు లేదు. ఉన్న బోర్డు ఏదో గాలివానకు ఎగిరిపోతే హుస్సేన్ సాహెబ్ మళ్లీ పెట్టించలేదు. పెట్టించాల్సిన అక్కరా రాలేదు. చుట్టుపక్కల ఊళ్లలో కారున్న వాళ్లను ఎవరిని కదిలించినా, "ఇంజిన్ మిస్సింగ్ కొడుతోందా? అయితే సాహెబ్ దగ్గరికి పో" అనేవాళ్లు. బ్రేకులకూ క్లచ్చులకూ ఊళ్లో వేరే మెకానిక్కులున్నారు. మిస్సింగ్ అంటే మాత్రం సాహెబే.

మిస్సింగ్ అంటే ఏమిటో తెలియని వాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. మామూలు కారు ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లుంటాయి. ఒకదాని తర్వాత ఒకటి, వంతు తప్పకుండా, పెట్రోలు మండితేనే బండి నున్నగా పోతుంది. నాలుగింటిలో ఒకటి అప్పుడప్పుడూ తన వంతు ఎగ్గొట్టిందా, బండి ఒళ్లంతా కుదుపే. రోడ్డు ఎత్తెక్కే చోట, ఎక్కుడు వస్తే, మొరాయిస్తుంది. ప్లగ్గు చెడినా, కాయిల్ చెడినా, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ చెడినా, ఎక్కడో ఒక తీగ తెగినా, పైకి రోగం ఒకేలా కనిపిస్తుంది. వీటిలో అసలు దొంగ ఎవరో పట్టుకోవడమే పని. పట్టుకున్నాక బాగుచేయడం ఎవరైనా చేస్తారు.

ఆ దొంగను పట్టుకోవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు బానెట్ ఎత్తి, ఒక్కో తీగా ఒక్కో కనెక్షనూ కదిపి చూడాలి. ఇంకొకరు డ్రైవర్ సీట్లో కూర్చుని యాక్సిలరేటర్ నొక్కుతూ వదులుతూ, బండి ఎప్పుడు అదిరిందో చెప్పాలి. ఈ రెండో మనిషిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పేరంతా బానెట్ దగ్గర నిలబడ్డ వాడికే పోతుంది. లోకం తీరే అంత, మనం ఇప్పుడు మార్చలేం.

హుస్సేన్ సాహెబ్ గురించి ఊరు నవ్వుకునే సంగతి ఒకటుంది. ఆయన కార్లు బాగుచేస్తాడు గానీ కారు నడపడు. వయసులో ఉండగా ఎవరిదో జీపు బాగుచేసి, ట్రయల్ చూస్తానని తీసుకుపోయి, రోడ్డు పక్కన నిలిపి ఉన్న ఎద్దుల బండిని గుద్దాడు. ఎద్దులు మేతకు విప్పి ఉన్నాయి గనక వాటికేమీ కాలేదు. బండికీ పెద్దగా ఏమీ కాలేదు. సాహెబ్ కుడి మోకాలు మాత్రం పగిలింది. ఆస్పత్రి మంచం మీదే, ఇక జన్మలో స్టీరింగు పట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. మోకాలు అతుక్కుంది గానీ పూర్తిగా వంగదు. ఒట్టు మాత్రం చెక్కుచెదరలేదు.

మరి లోపల ఎవరు కూర్చోవాలి? ఒకరిద్దరు కుర్రాళ్లను పెట్టుకున్నాడు, నిలవలేదు. చివరికి ఒకరోజు షెడ్డు వెనక గదిలో వంట చేసుకుంటున్న పెళ్లాన్ని పిలిచాడు. "ఏమే, ఇట్ల రా. ఇదో, దీన్ని కాలితో నొక్కు. ఇయ్యి అంటే ఇయ్యి, వదులు అంటే వదులు. అంతే."

అలా చాంద్ బేగం డ్రైవర్ సీట్లోకి ఎక్కింది. తుగ్గలి దగ్గర పల్లెలో ఎనుములు, అంటే గేదెలు, ఉన్న ఇంట్లో పుట్టిన మనిషి. కారు తోలడం ఆమెకూ రాదు. తల మీద కొంగు సర్దుకుని, ఒడిలో చేట పెట్టుకుని, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ యాక్సిలరేటర్ నొక్కేది. మొదట్లో రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి మరీ చూశారు. ఎదురుగా టీ కొట్టు సుంకప్ప, "ఏమక్కా, కారు యాడికి తోలుకపోతాండావు?" అని ఆట పట్టించేవాడు. "నీ పెండ్లికి, రాప్పా, ఎక్కు" అనేది ఆమె. ఆ తర్వాత జనానికి అలవాటైపోయింది. ఏ కారు డోరు పక్కన నేల మీద ఆమె చెప్పుల జత కనిపించినా, లోపల చాంద్ బేగం ఉందని, సాహెబ్ మిస్సింగ్ చూస్తున్నాడని అర్థం. కారు ఎవరిదైనా సరే, చెప్పులు కింద విడిచిగానీ ఎక్కేది కాదు. పరాయి వాళ్ల కారు, లోపల మట్టి చేయకూడదని కాబోలు అనుకునేవాడు సాహెబ్. ఎప్పుడూ అడగలేదు.

సాహెబ్ ఒక్కో తీగా కదుపుతుంటే లోపల్నుంచి ఆమె గొంతు వచ్చేది. "లేదు... లేదు... లేదు..." ఉన్నట్టుండి, "ఇదో, వణికె!" అనేది. ఆ మాట ఆమె నోట్లోంచి వచ్చాకనే సాహెబ్ చెవికి ఇంజిన్ మూలుగు అందేది. ఒక్కోసారి అదీ అందేది కాదు. అయినా ఆమె వణికిందన్న చోటే చెయ్యి పెడితే, దొంగ అక్కడే దొరికేవాడు.

"నీకెట్ల తెలుస్తాదే?" అని ఒకసారి అడిగాడు.

"పాలు పితికేటప్పుడు, ఎనుము తన్నబోయే ముందు దాని చర్మం వణుకుతాది. చూసేవాళ్లకు కనపడదు, ఒంటికి తెలుస్తాది. ఇదీ అంతేనయ్యా. ముందు అరికాల్లో వణుకుతాది. నీకు చప్పుడు ఇనపడేది ఆ తర్వాతే."

"అట్లయితే పితుకు. చెంబు తేనా?" అన్నాడు సాహెబ్, పెద్ద తెలివైనవాడిలాగ. ఆమె నవ్వి మళ్లీ రాళ్లు ఏరుకుంది. ఆ మాట ఆమె తర్వాత కూడా చాలాసార్లు చెప్పింది. ప్రతిసారీ సాహెబ్ చెంబు సంగతే ఎత్తాడు. పిల్లలు కలగని ఆ ఇంట్లో వాళ్లిద్దరి వేడుక అది.

పోయిన ఎండాకాలంలో ఒక పొద్దున చాంద్ బేగం పొయ్యి ముందు కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. గుండె ఆగిందన్నారు. నలభై దినాల ఫాతెహా అయ్యేదాకా షెడ్డు తెరవలేదు. తెరిచిన రోజు మొదటి కారు తెచ్చినతను పాపం మంచి మనసుతోనే, "సాహెబూ, నేను కూచుంటా, నువ్వు చెప్పు" అని డోరు తీయబోయాడు. "వద్దు" అన్నాడు సాహెబ్. ఆ వద్దు ఎంత గట్టిగా వచ్చిందంటే ఆ మనిషి రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆ సాయంత్రమే సాహెబ్ ఒక వేపకర్ర కోసుకొచ్చాడు. చిత్రిక పట్టి నున్నగా చేశాడు. సీటు అంచుకూ యాక్సిలరేటర్‌కూ మధ్య ఇరికించేలా దానికి మూడు గాట్లు పెట్టాడు. ఒక గాటుకు ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది, ఇంకో గాటుకు మధ్యస్థంగా, మూడో గాటుకు గట్టిగా. మంచి పనితనమే, కాదనలేం. కర్ర అలిసిపోదు. ఎదురు మాట్లాడదు. మధ్యలో పొయ్యి మీద కూర మాడుతోందని దిగిపోదు. సాహెబ్ దానితోనే పని సాగించాడు. స్కానర్ పెట్టి ఏ సిలిండరో చూసుకుని, ప్లగ్గో కాయిలో మార్చి, కర్ర ఇరికించి వినేవాడు. ఇంజిన్ ఒకే శ్రుతిలో పాడేది. కారు వాళ్లు వచ్చి తీసుకుపోయేవాళ్లు. "ఎట్లుండాదప్పా?" అని తర్వాత ఎదురుపడ్డప్పుడు అడిగితే, "బాగుండాది సాహెబూ, శానా బాగుండాది" అనేవాళ్లు.

బాగున్నదే గానీ, రాను రాను కార్లు రావడం తగ్గింది. పొద్దున సుంకప్ప కొట్లో ఉగ్గాని తిని, షెడ్డు ముందు స్టూలు వేసుకుని కూర్చుంటే, టమోటా లారీలు పోవడం, దుమ్ము లేవడం, మార్కెట్లో కొనేవాళ్లు లేక పారబోసిన కాయల కోసం ఆవులు రావడం, ఇవే కనిపించేవి. కర్నూలు రోడ్డులో పెద్ద పెద్ద సర్వీస్ సెంటర్లు వచ్చాయి కదా, జనం అటు పోతున్నారేమో అనుకున్నాడు. అలా అనుకుంటే కొంచెం ఊరటగా ఉండేది. మధ్యాహ్నం వెనక గదిలోకి పోయి అన్నం వండుకునేవాడు. గదిలో గోడకు ఆనించి చేట అలాగే ఉంది. బియ్యం ఇప్పుడు రాళ్లు లేకుండా సంచుల్లో వస్తున్నాయి గనక దాని అవసరమూ లేదు. తినేటప్పుడు ఎవరితోనైనా ఒక మాట మాట్లాడాలనిపించేది. రోజంతా తన నోట్లోంచి వచ్చిన మాటలు లెక్కపెడితే ఒక చేతి వేళ్లకు సరిపోయేవి. ఒంటరితనం అంటే ఇంత చప్పుడు లేకుండా ఉంటుందని సాహెబ్‌కు అంతకుముందు తెలియదు. ఇంజిన్ల మధ్య బతికిన మనిషి కదా.

ఇలా ఉండగా ఒక పొద్దున ఉరుకుందమ్మ తెల్లకారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. ఆగడం కూడా తిన్నగా ఆగలేదు, ఒక కుదుపు కుదిపి ఆగింది. ఉరుకుందమ్మ బాడుగకు కారు తోలే మనిషి. నలభై ఏళ్లుంటాయి. మహానందికనీ, అహోబిలానికనీ జనాన్ని తీసుకుపోయి తీసుకొస్తుంది. కారు సొంతమే, పాతది కొన్నది. అదే ఆమెకు పొలం, అదే ఆమెకు కొట్టం. సాహెబ్ ఆ కారును ఇంతకుముందు రెండుసార్లు చూశాడు. ఒకసారి ప్లగ్గు మార్చాడు, ఒకసారి కాయిల్ మార్చాడు. రెండుసార్లూ ఆమె బాగుందనే చెప్పింది.

ఈసారి ఆమె కారు దిగి, డోరు దబ్బున వేసి, స్టూలు మీద కూర్చున్న సాహెబ్ ముందుకొచ్చి నిలబడింది.

"అన్నా, ఒక మాట చెప్తా. కోపం చేసుకున్నా సరే."

"చెప్పమ్మా."

"నిన్న అహోబిలానికి జనాల్ని ఏసుకోని పోతి. ఎగువ అహోబిలం ఎక్కేకాడ బండి ఎగిరెగిరి పడి నిలబడిపోయె. ముసిలోల్లను దింపి నడిపిస్తి. వాల్లలో ఒక పెద్దాయన పది అడుగులకు ఒకసారి కూచుంటాంటే నాకు ప్రాణం పోయినట్లాయె. రొండుసార్లు నువ్వు బాగుచేసినావు. రొండుసార్లూ ఈ రోడ్డు దాటకముందే మల్ల మొదలాయె."

సాహెబ్‌కు అర్థం కాలేదు. "మరి బాగుండాదంటివి గదమ్మా?"

"అంటి. వదినె పోయింది, నీ మొగం చూస్తే నోరు రాలే. నేనొక్కదాన్నే అనుకుంటాండావా? నీ దగ్గరికి వచ్చినోల్లు అందరూ అట్లనే అనిరి. అని, గుత్తికో ఆదోనికో పోయి బాగుచేయించుకుంటాండిరి. నీకు చెప్పే దిక్కు లేదు. కావాలంటే ఊర్లో ఎవుర్నన్నా అడుగు."

సాహెబ్ తల తిప్పి రోడ్డుకు అవతల చూశాడు. సుంకప్ప కడిగిన గ్లాసులనే మళ్లీ కడుగుతున్నాడు.

"ఏమప్పా సుంకప్పా, ఈయమ్మ చెప్పేది నిజమేనా?"

"నాకేం తెలుసు సాహెబూ? టీ కాసుకునేటోన్ని."

"సుంకప్పా!"

సుంకప్ప గ్లాసు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, రోడ్డు దాటి వచ్చాడు. తల ఎత్తకుండా చెప్పాడు. "అందరూ నా కొట్లోనే టీ తాగి, నీకు కనపడకుండా అటు తిప్పుకోని పోతాండిరి. నీకు చెప్పొద్దనిరి. ఇంట్లో మనిషి పోయినోనికి పని కూడా పోయిందని ఎట్ల చెప్పేది సాహెబూ? నాకూ చెప్పబుద్ధి కాలే."

జాలి మంచిదే. కాదని ఎవరూ అనరు. కానీ పత్తికొండ జాలి ఆ మనిషిని ఒక గదిలో కూర్చోబెట్టి బయట గడియ పెట్టినట్టయింది. లోపలివాడు తనంతట తానే ఉన్నాననుకుంటున్నాడు. సాహెబ్ మొహం ఎర్రబడింది. తిట్టాలని నోరు తెరిచాడు. ఎవరిని తిట్టాలో తోచక మూసుకున్నాడు. పెళ్లాం పోయిన దుఃఖం అలవాటైన దుఃఖం, దాన్ని రోజూ చూస్తూనే ఉన్నాడు. ఇది కొత్తది. ఇన్నేళ్ల పేరు, ఇన్నేళ్ల చేతి పని, ఆమెతో పాటే మట్టిలోకి పోయిందని, ఆ సంగతి తనకు తప్ప ఊరందరికీ తెలుసని ఇప్పుడే తెలిసింది.

"ఇంకో మెకానిక్ దగ్గరికి పో తల్లీ" అన్నాడు చివరికి. "నాకు చేతగావడం లేదు. షెడ్డు మూసేస్తా."

"మూసేటోనివి మూసుకో, నా కారు బాగుచేసి మూసుకో" అంది ఉరుకుందమ్మ. "గుత్తిలో చూపిస్తి. ఆదోనిలో చూపిస్తి. వాల్లకూ దొరకలే. ఇదీ నీ దగ్గరే దొరకాల. లేకుంటే అమ్ముకోని కూలికి పోతా, నాకు ఇంకో దారి లేదు." అని బానెట్ ఎత్తి కడ్డీ ఆనించింది.

సాహెబ్ లేచాడు. కోపంగానే లేచాడు. స్కానర్ పెట్టి చూశాడు. మూడో సిలిండర్ అని చూపించింది. పోయిన రెండుసార్లూ అదే చూపించింది. అప్పుడు ప్లగ్గు మార్చాడు, కాయిల్ మార్చాడు. అవి రెండూ కాకపోతే మిగిలింది ఇంజెక్టరో, వాటికి పోయే తీగల్లో ఏదో ఒకటో. అలవాటు కొద్దీ వేపకర్ర తీసుకుని డోరు తెరిచి ఇరికించబోయాడు. ఉరుకుందమ్మ చేతిలోంచి లాక్కుంది.

"కర్రతో వద్దు. కర్ర నొక్కి పట్టుకుంటాది. మనిషి కాలు నొక్కుతాది, వదుల్తాది. రోడ్డు మింద నేను వదిలి మల్ల ఇచ్చినప్పుడే ఎగురుతాది ఇది." అని, ఆ కర్రను తీసుకుపోయి వెనక చక్రం కింద అడ్డం పెట్టింది. మూడు గాట్ల వేపకర్ర ఆ పనికి సరిగ్గా సరిపోయింది.

సాహెబ్ నిలబడిపోయాడు. అంత చిన్న సంగతి. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ నొక్కినప్పుడు ఇంజిన్ తనను మోసే రబ్బరు దిమ్మల మీద ఒక పక్కకు ఒరిగి మళ్లీ సర్దుకుంటుంది. ఆ ఒరుగుడులో ఎక్కడో ఏదో లాగుతుంది. కర్ర పెడితే ఇంజిన్ ఒరగదు. ఒరగని ఇంజిన్ అబద్ధం చెప్తుంది. ఇన్ని నెలలుగా ఆ అబద్ధాన్నే బాగైందనుకుని కార్లు పంపించాడు. చాంద్ బేగంతో, "ఇయ్యి, వదులు" అని లక్షసార్లు అన్నవాడు, కర్రకు వదలడం రాదని మర్చిపోయాడు. మర్చిపోలేదేమో. ఇంకొకరిని ఆ సీట్లో చూడడం ఇష్టం లేక, గుర్తు రానివ్వలేదేమో.

"నేను కూచుంటా. చెప్పు" అంది ఉరుకుందమ్మ.

సాహెబ్ తల ఊపాడు.

ఆమె ఎక్కి స్టార్ట్ చేసింది. సాహెబ్ బానెట్ దగ్గర నిలబడి, "ఇయ్యి" అన్నాడు. ఎన్నాళ్ల తర్వాతో ఆ మాట. ఒక తీగ కదిపాడు. "అదిరిందా?"

"అదిరినట్లే ఉండాది."

ఇంకోటి కదిపాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడూ అట్లనే ఉండాది. అన్నా, నిజం చెప్తాండా, నాకు తెలీడంలే. నెలల నుంచి ఈ కుదుపులోనే కూచోని తోలుతాండా. ఏది ఎక్కువో ఏది తక్కువో నా ఒళ్లు మర్చిపోయె."

బానెట్ దగ్గర నిలబడ్డ సాహెబ్‌కూ ఏమీ తేలలేదు. ఫ్యాను హోరు, రోడ్డు మీద లారీల మోత. మిస్సింగ్ రెప్పపాటు వచ్చి, చెవికి అందేలోపల పోతోంది. ఉరుకుందమ్మ దిగి వచ్చింది.

"నువ్వే కూచో. నేను ఈడ నిలబడి తీగలు కదుపుతా, ఏది కదపాలో చూపీ."

"నేను కూచోనమ్మా. నీకు తెలుసు గదా."

"ఒట్టు సంగతేనా? ఊరందరికీ తెలుసులే. స్టీరింగు పట్టననే గదా ఒట్టు పెట్టుకుంటివి? పట్టొద్దు. చేతులు ఒల్లో పెట్టుకోని కూచో."

సుంకప్ప నవ్వబోయి, సాహెబ్ మొహం చూసి ఆపుకున్నాడు. సాహెబ్ కదిపి చూడాల్సిన తీగలను ఒక్కొక్కటీ వేలితో ముట్టి చూపించాడు. తర్వాత కారు చుట్టూ తిరిగి వచ్చి, డోరు పట్టుకుని, వంగని మోకాలిని ముందు లోపలికి తోసి, సీటు పూర్తిగా వెనక్కి జరిపి కూర్చున్నాడు. చేతులు నిజంగానే ఒడిలో పెట్టుకున్నాడు.

మొదటి నొక్కుడుకు ఇంజిన్ గర్జించింది. "నిదానం అన్నా! ఇంజిన్ పీకేస్తావా?" అని అవతల్నుంచి కేక. సాహెబ్ కాలు వదులు చేశాడు. ముందుకు చూశాడు. ఎత్తిన బానెట్ ముందద్దానికంతా అడ్డంగా ఉంది. దాని అడుగున సన్నటి సందు. ఆ సందులోంచి ఇంజిన్ మీద కదులుతున్న రెండు చేతులు మాత్రం కనిపిస్తున్నాయి. మనిషి కనపడదు, మొహం కనపడదు. ఈ సీట్లో కూర్చున్నవాళ్లకు కనిపించేది ఇంతే. ఇన్నేళ్లూ చాంద్ బేగం చూసింది తన చేతులనే. తాను విన్నది ఆమె గొంతునే. షెడ్డులో ఉన్నంతసేపూ ఒకరి మొహం ఒకరికి కనపడకుండానే కాపురం చేశారు. అది సాహెబ్‌కు ఇప్పుడు తెలిసింది.

"ఇది కదుపుతాండా. చెప్పు" అంది ఉరుకుందమ్మ.

"లేదు" అన్నాడు.

"ఇది?"

"లేదు."

"ఇదో?"

"లేదు."

అన్ని తీగలూ అయ్యాయి. కుదుపు ఒళ్లంతా తెలుస్తోంది గానీ, ఏ తీగకు వస్తోందో పట్టు చిక్కడం లేదు. సాహెబ్ కళ్లు మూసుకున్నాడు. ఆమె ఎలా కూర్చునేది? చేట ఒడిలో పెట్టుకుని, కొంగు సర్దుకుని. డోరు పక్కన చెప్పులు. చెప్పులు విడిచి. అరికాల్లో వణుకుతాది అనేది.

మట్టి అవుతుందని కాదు. కాలికి తెలియడానికి.

సాహెబ్ డోరు తీసి, వంగి, చెప్పులు రెండూ కింద నేల మీద విడిచాడు. మళ్లీ సర్దుకుని కూర్చుని ఉత్త కాలు పెడల్ మీద పెట్టాడు. వేడిగా తగిలింది. గాట్లు గాట్లుగా ఉన్న రబ్బరు కింద ఇంజిన్ కొట్టుకోవడం అరికాలికి సన్నగా అందుతోంది. రెండో ఉత్త కాలు కారు అడుగు రేకు మీద ఆనించాడు. దాంట్లోకీ వస్తోంది.

"మల్ల మొదట్నుంచి రా అమ్మా. నిదానంగా."

"ఇది?"

నొక్కాడు, వదిలాడు. "లేదు."

"ఇది?"

"లేదు."

"ఇది మూడో ఇంజెక్టర్‌ది. కదుపుతాండా."

నొక్కాడు. వదిలాడు. మళ్లీ నొక్కే ముందు, అరికాల్లో ఏదో సన్నగా జలదరించింది. చప్పుడు లేదు, కుదుపు లేదు. చర్మం వణికినట్టు. తన్నబోయే ముందు వణుకుతుందని ఆమె చెప్పినట్టే. దాని వెనకనే బండి ఎగిరింది.

"ఇదో, వణికె!"

ఆ మాట తన నోట్లోంచే వచ్చింది. కారు లోపల అది వేరే గొంతులాగ మోగింది. అవతల ఉరుకుందమ్మ చేతులు ఆగిపోయాయి. పక్కన సుంకప్ప ఉన్నచోటే నిలబడిపోయాడు. ఇంజిన్ ఒక్కటే తిరుగుతోంది. సాహెబ్ సీట్లో అలాగే కూర్చుని ఏడ్చాడు. ఫాతెహా నాడు కూడా అంతగా ఏడవని మనిషి, బానెట్ అడ్డం ఉంది గనక ఎవరికీ కనపడననుకుని ఏడ్చాడు. ఉరుకుందమ్మ కూడా కనపడనట్టే అటు తిరిగి నిలబడింది.

తర్వాత దిగి వచ్చి ఆ తీగ చూశాడు. ఒక క్లిప్పు కిందుగా, ఇనప అంచుకు ఆనుకుని పోతోంది. పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగు బాగానే ఉంది. ఎవరు చూసినా బాగుందనే అంటారు. బ్లేడుతో చీల్చి చూస్తే లోపల రాగి పోగులు చిలుం పట్టి పచ్చబడి తెగిపోయి, ఒకటో రెండో మాత్రం పట్టుకుని ఉన్నాయి. ఇంజిన్ ఒరిగినప్పుడల్లా అవి విడిపోతున్నాయి, ఇంజెక్టర్ పెట్రోలు చిమ్మడం మానేస్తోంది. ఒరుగుడు అయిపోగానే మళ్లీ కలుస్తున్నాయి. చెడ్డ ముక్క కోసేసి, కొత్త తీగ కలిపి, సోల్డరింగ్ చేసి, తొడుగు వేసి, ఈసారి ఇనప అంచుకు తగలకుండా దూరంగా కట్టాడు. పని చిన్నదే. చెప్పాను కదా, దొంగను పట్టుకోవడమే కష్టం.

ఉరుకుందమ్మ కారు తీసుకుని ఎక్కుడు దాకా పోయి వచ్చింది. సాహెబ్ స్టూలు పక్కన నిలబడే ఉన్నాడు. కారు నున్నగా వచ్చి ఆగింది.

"ఎట్లుండాది? నిజం చెప్పు. జాలిపడి చెప్పొద్దు" అన్నాడు.

"జాలిపడేదాన్నయితే మూడోసారి వస్తానా అన్నా?" అంది ఆమె. "బాగుండాది. నిజంగా బాగుండాది." బానెట్ మీద చెయ్యి వేసి, "షెడ్డు మూస్తానంటివి" అంది.

వెనక చక్రం కింద ఉన్న వేపకర్ర ఆమె పోయినప్పుడే పక్కకు దొర్లింది. సాహెబ్ దాన్ని తీసి గోడకు ఆనించాడు. "కుదుపు వస్తే మల్ల రా" అన్నాడు.

"రాకపోతే ఊరికే వస్తా" అంది ఉరుకుందమ్మ. కారు తిప్పుకుని మార్కెట్టు వైపు పోయింది. దాని చప్పుడు లారీల మోతలో కలిసేదాకా సాహెబ్ వింటూ నిలబడ్డాడు. నాలుగు సిలిండర్లూ వంతు తప్పడం లేదు. సుంకప్ప రోడ్డు దాటి కొట్టులోకి పోయాడు.

అప్పుడు సాహెబ్‌కు కాళ్లు కాలుతున్నాయని తెలిసింది. చెప్పులు వేసుకోలేదు. చూస్తే, కారు నిలబడిన చోట, నూనె మరకల నేల మీద ఆయన చెప్పుల జత ఉంది. డ్రైవర్ డోరు ఎక్కడుండేదో సరిగ్గా అక్కడ, పక్కపక్కన. కారు పోయింది, చెప్పులు మిగిలాయి.

సాహెబ్ వాటిని వేసుకోకుండా కాసేపు చూస్తూ నిలబడ్డాడు. రేపటి నుంచి కార్లు వస్తాయి. సుంకప్ప ఊరుకోడు, ఈపాటికే ఎవరికో చెబుతుంటాడు. తానే కూర్చుంటాడు, కదపడానికి కారువాళ్లనే నిలబెట్టుకుంటాడు. పని పోలేదు. అది నిజంగా సంతోషమే. కానీ ఆ సంతోషం కంటే ముందు ఆయనకు ఒక మాట చెప్పాలనిపించింది. నువ్వు చెప్పింది నిజమేనే, ముందు అరికాల్లోనే వణుకుతాది, చప్పుడు ఆ తర్వాతే. ఇన్నేళ్లూ చెంబు తేనా అని నవ్వితి, నువ్వు చెప్పిందే నిజం. పరుగున వెనక గదికి పోయి చెప్పాలన్నంత ఆత్రం వచ్చింది.

ఆ మాట చెబితే అర్థమయ్యే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉండేది. సాహెబ్ చెప్పులు వేసుకుని, షెడ్డు లోపలికి పోయి, స్కానర్ వైరు చుట్టి పెట్టాడు.